ఈ బదన్ నాది కాదమ్మీ అంటే



ఈసారి బాత్ కొంచెం నాజూకుది. ఇంట్లో అందరూ కూర్చుని చదివే మజ్మూన్ కాదిది అని కొందరు అనొచ్చు. నాకైతే అందరూ కూర్చున్నప్పుడే చదవాలనిపిస్తోంది. చాటుగా చదివి, చాటుగా దాచి, చాటుగా ఏడ్చే ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి కాబట్టి.

ఒక చిన్న కంప్యూటర్ ఆట గురించి ముందు చెబుతాను. 2012లో అమెరికాలో అన్నా ఆంథ్రపీ అనే ఆమె తయారు చేసింది. పేరు డిస్ఫోరియా. ఆ పేరు స్పెల్లింగ్ మధ్యలో 4 అంకె పెట్టింది, అదో సరదా. డిస్ఫోరియా అంటే ఉన్న బదన్‌లో మనసుకు చైన్ లేకపోవడం. మగబిడ్డగా పుట్టి, ఔరత్‌గా బతకాలని హార్మోన్ మందులు మొదలుపెట్టిన మనిషి తన ఆరు నెలల ఆప్‌బీతీని ఆటగా చేసింది. తుపాకులు లేవు, రేసులు లేవు. కీబోర్డు మీద బాణం గుర్తులు నొక్కుతూ పోతే పది నిమిషాల్లో అయిపోతుంది. మొదట్లో ఒక ఇటుకల దీవార్ వస్తుంది. అందులో ఒక సందు. మీ చేతిలో వంకరటింకర ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని ఆ సందులోంచి దాటించాలి. ఎటు తిప్పినా పట్టదు. ఇంకోచోట పెదవి మీది వెంట్రుకలు గీకాలి. ఇంకోచోట ఆడవాళ్ల బాత్రూమ్‌లోకి ఎవరి నజర్‌లో పడకుండా పోవాలి. తర్వాత డాక్టర్లు, ఫారాలు, బీపీ ఎక్కువుంది ముందది తగ్గించుకో అనే మాట. ఆఖర్లో ఆ దీవార్ మళ్లీ వస్తుంది. ఈసారి ముక్క ఆకారం మారుతూ ఉంటుంది.

ఇది నా ఒక్కదాని కహానీ, నాలాంటి అందరిదీ ఇదే అనుకోవద్దని ఆటకు ముందే రాసి పెట్టింది. ఆ ఒక్క మాటకే ఆమె మీద నాకు భరోసా కలిగింది. అందరి తరఫునా వకాల్తా పుచ్చుకుని మాట్లాడేవాళ్లు మన జమానాలో ఎక్కువైపోయారు.

అమెరికా ఆటతో మన కురవికి ఏం సంబంధం అంటారు. ఆ దీవార్ మన ఇళ్లలో కూడా ఉంది, ఇటుకలే వేరు. పిల్లాడికి ఖత్నా చేసి పూలదండ వేసి ఊరేగించిన రోజు, ఆడపిల్లకు మొదటిసారి దుపట్టా కప్పిన రోజు, ఈద్‌గాహ్‌కు అబ్బాతో ఎవరు పోవాలి, ఇంట్లో అమ్మీతో సేవయ్యా ఎవరు చేయాలి అనేది తేలిన రోజు, ఇవన్నీ ఒక్కో ఇటుక. నూటికి తొంభైతొమ్మిది మంది పిల్లలు ఆ సందులోంచి నవ్వుతూ దాటిపోతారు. అసలు అక్కడొక దీవార్ ఉందనే వాళ్లకు తెలియదు. ఎక్కడో ఒక బిడ్డ ఆగిపోతాడు. ఆగిపోయిన బిడ్డను మనం ఏమంటాం? మా మండలంలో అనే మాటలు మీకూ తెలుసు, నేనిక్కడ రాయను. షేకుల ఇళ్లలో అనేది అదే, దూదేకుల ఇళ్లలో అనేది అదే. ఆ మాటలకు మజ్హబ్ తేడా కూడా లేదు.

ఒకటి సాఫ్‌గా చెప్పుకోవాలి. పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు బదన్ అంటే చిరాకు పడని పిల్లలుండరు. గొంతు బొంగురుపోతుంది, మొటిమలొస్తాయి, నెలసరి మొదలవుతుంది. అద్దం అంటే నఫ్రత్ పుడుతుంది. అది ఉమర్‌తో వస్తుంది, ఉమర్‌తో పోతుంది. అబ్బాయికి చెల్లెలి గాజులంటే ఇష్టం ఉన్నంత మాత్రాన, అమ్మాయి చెట్లెక్కి క్రికెట్ ఆడినంత మాత్రాన వాళ్ల మీద ఒక పేరు అతికించడం కూడా జుల్మే. ఫోన్‌లో నాలుగు రీల్స్ చూసి నేనిదే అని పిల్లలు తీర్మానం చేసుకోవద్దు, చూసిన నాన్న వీడు అదే అని కర్ర పట్టుకోవద్దు. నేను మాట్లాడేది ఏళ్ల తరబడి ఉండిపోయే తక్లీఫ్ గురించి. ఉమర్ పెరిగినా పోనిది, దువా చేసినా పోనిది, తావీజ్ కట్టినా పోనిది, కొడితే ఇంకా లోపలికి పోయేది.

ఇలాంటి కొడుకు ఉన్న ఇంట్లో మొదట వినిపించే ఇలాజ్ ఏంటి? షాదీ చేసేయండి, అన్నీ సర్దుకుంటాయి. ఈ ముక్క దగ్గర నాకు కోపం ఆగదు. సర్దుకోవు. ఒక లడ్కీని తెస్తారు. బీద ఇంటి పిల్లను వెతుకుతారు, ఎందుకంటే వాళ్లు నోరు తెరవరు. జహేజ్ తక్కువైనా పర్వాలేదంటారు. అమ్మాయి తరఫు వాళ్లు ఎంత షరీఫ్ ఖాందానో అని మురిసిపోతారు. నికాహ్‌లో ఆ పిల్ల కబూల్ అన్నది దేనికి? తనకు చెప్పని దానికి. ఆర్నెల్లకు అత్త అడుగుతుంది, ఇంకా ఏం విశేషం లేదా అని. ఏడాదికి ముహల్లా మొత్తం ఆ పిల్లనే బాంఝ్ అంటుంది. ఆమె పుట్టింటికి పోయి తల్లికి కూడా చెప్పలేదు, ఏమని చెబుతుంది? అటు కొడుకు రాత్రిళ్లు డాబా మీద పడుకుంటాడు. చివరికి ఒకరోజు ఖులా అనో తలాఖ్ అనో పెద్దమనుషులు కూర్చుంటారు, అసలు మాట తప్ప అన్నీ మాట్లాడుతారు. ఒక బిడ్డ తక్లీఫ్‌ను దాచడానికి ఇంకో ఇంటి బిడ్డ జిందగీని పరదాలాగా కప్పడం ఏ షరియత్‌లో ఉంది? సామాను అమ్మేటప్పుడు ఐబ్ ఉంటే చెప్పి అమ్మాలని మనకు నేర్పిన దీన్ ఇది. మనిషి విషయంలో ఐబ్ అనే లఫ్జ్ వాడటం నాకిష్టం లేదు, కానీ దాచడం మాత్రం దాచడమే.

అమ్మాయిల బాధ ఇంకో రకం. మగపిల్లాడు ఆడతనంగా ఉంటే ఊరు నవ్వుతుంది, అంటే కనీసం చూస్తుంది. ఆడపిల్ల లోపల నేను ఆడపిల్లను కాదు అనుకుంటే ఎవరికీ కనిపించదు. పద్దెనిమిది నిండగానే రిష్తా చూస్తారు. అంతే. దాని గురించి నేను ఎక్కువ రాయలేకపోతున్నాను, ఎందుకంటే వాళ్లు ఎక్కడా రాయలేదు, వాళ్లను ఎవరూ రాయనివ్వలేదు.

దీన్ ఏమంటుంది అని అడుగుతారు. నేను ఆలిమ్‌ను కాను, ఫత్వా నా పని కాదు. కానీ కితాబుల్లో ఏముందో కొంత తెలుసుకోవడం అందరి హక్కు. పుట్టుకతోనే బదన్‌లో ఆడ, మగ నిశానీలు రెండూ ఉన్నవాళ్లను, లేదా ఏదీ సాఫ్‌గా లేనివాళ్లను ఫిఖ్హ్‌లో ఖున్సా అంటారు. మన హనఫీ మద్రసాల్లో చదివించే హిదాయాలో వాళ్ల మీద వేరుగా ఒక బాబ్ ఉంది. ఆ కితాబ్ రాసిన బుర్హానుద్దీన్ మర్గీనానీ ఎనిమిది వందల ఏళ్లకు ముందటి మనిషి. నమాజ్‌లో వాళ్ల సఫ్ ఎక్కడ, వాళ్లకు విరాసత్‌లో హిస్సా ఎంత, మౌత్ తర్వాత ఘుస్ల్ ఎలా అని అన్నీ ఆలోచించారు. అంటే వాళ్లు సఫ్‌లో ఉంటారు, విరాసత్‌లో ఉంటారు, జనాజాలో ఉంటారు అనే దాని మీద ఆ బుజుర్గులకు షక్ లేదు. ఎలా అనేదే వాళ్ల సవాల్. మనం ఇప్పుడు ఉండాలా వద్దా దగ్గరే ఆగిపోయాం.

బదన్ సాఫ్‌గానే ఉండి మనసు ఇంకోలా ఉన్నవాళ్ల మస్లా వేరు. మగవాళ్లు ఆడవాళ్ల నకల్ చేయడం మీద, ఆడవాళ్లు మగవాళ్ల నకల్ చేయడం మీద లానత్ ఉన్న హదీస్ బుఖారీ షరీఫ్‌లో ఉంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడితే అది బేఈమానీ. అయితే పుట్టుకతోనే అలాంటి చాల్ ఉన్నవాళ్ల మీద గునాహ్ లేదు, కావాలని నకల్ చేసేవాళ్ల గురించే ఆ మాట అని ఇమామ్ నవవీ లాంటి పెద్దలు ఫరఖ్ చూపించారు. అబూ దావూద్‌లో ఇంకో రివాయత్ ఉంది. చేతులకు, కాళ్లకు మెహెందీ పెట్టుకున్న ఒక మనిషిని హుజూర్ (స) ముందుకు తెస్తారు. ఊరికి దూరంగా నఖీ అనే చోటికి పంపిస్తారు. కతల్ చేయాలా అని అడిగితే, నమాజ్ చదివేవాళ్లను చంపడం నాకు మనా అన్నారని అందులో ఉంది. ఊరి నుంచి పంపించారు అనేదాన్ని కొందరు పట్టుకుంటారు. నమాజీ అనే గుర్తింపు ఆ మనిషి దగ్గర్నుంచి తీసేయలేదు అనేదాన్ని నేను పట్టుకుంటాను.

ఆపరేషన్ సంగతికొస్తే మన దగ్గరి ఉలమాల్లో ఎక్కువమంది నాజాయజ్ అంటారు. ఈజిప్ట్‌లో 1988లో అల్ అజ్హర్ మెడికల్ విద్యార్థి సాలీ ముర్సీ విషయంలో అప్పటి ముఫ్తీ తంతావీ, నమ్మకమైన డాక్టర్ జరూరత్ ఉందంటే ఇలాజ్ కింద జాయజ్, ఊరికే ఖ్వాయిష్ మీద కాదు అన్నారు. ఇరాన్‌లో మర్యమ్ మొల్కారా అనే మనిషి స్వయంగా ఖొమైనీ గుమ్మం ముందుకు పోయి ఇజాజత్ తెచ్చుకుంది. కాబట్టి ఉమ్మత్‌లో దీని మీద ఇఖ్తిలాఫ్ ఉంది. ఆ బహస్ ఉలమాలు, డాక్టర్లు చేసుకోనివ్వండి. నా సవాల్ దానికన్నా చాలా చిన్నది. రేపు రాత్రి దస్తర్‌ఖాన్ మీద ఆ బిడ్డకు రికాబీ పెడతారా లేదా? దీనికి ఏ ముఫ్తీ సాబ్ ఇజాజత్ అక్కర్లేదు.

రికాబీ తీసేస్తే ఏమవుతుందో మానుకోట స్టేషన్‌లో గోల్కొండ ఎక్కితే కనిపిస్తుంది. చప్పట్లు కొడుతూ వస్తారు. పది రూపాయలిచ్చి ముఖం తిప్పుకుంటాం. వాళ్లలో ఒకరు ఏదో ఇంటి బిడ్డ. హైదరాబాద్ హిజ్రాల మధ్య తిరిగి గాయత్రీ రెడ్డి అనే పరిశోధకురాలు 2005లో ఒక కితాబ్ తెచ్చారు. అందులో చదివినప్పుడు నాకు సిగ్గేసిన సంగతి ఒకటుంది. ఏ కౌమ్‌లో పుట్టినా, ఆ జమాత్‌లో చేరాక తాము ముసల్మాన్లమని చెప్పుకుంటారట. సలామ్ చేస్తారు, హలాల్ తింటారు, కొందరు రోజాలుంటారు, హజ్‌కు పోయినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఘరానాల పేర్లు కూడా మనవే, బడీ హవేలీ, లష్కర్‌వాలా. ఇంటోళ్లు గెంటేసినవాళ్లు మన దీన్ పేరు చెప్పుకుని బతుకుతున్నారు, మనమేమో వాళ్లు ఎదురొస్తే దర్వాజా వేసుకుంటాం.

హుకూమత్‌లు కూడా తక్కువేం తినలేదు. నిజాం జమానాలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక ఖానూన్ వచ్చింది. పిల్లలను ఎత్తుకుపోతారని షక్ ఉన్నవాళ్ల పేర్లు, ఇళ్లు రిజిస్టర్‌లో రాయాలి. ఆడ లిబాస్‌లో సడక్ మీద కనిపిస్తే వారెంట్ లేకుండా పట్టుకుపోవచ్చు, రెండేళ్ల దాకా ఖైద్. నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది, ఖానూన్ మాత్రం పోలేదు. వైజయంతి వసంత మొగ్లీ, మరికొందరు 2018లో హైకోర్టుకు పోయారు. 2023 జులై 6న చీఫ్ జస్టిస్ ఉజ్జల్ భుయాన్ బెంచ్ దాన్ని రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. ఆసరా పింఛన్ కూడా ఇవ్వమంది. వంద సంవత్సరాలకు పైగా ఒక రకం మనుషులు పుట్టుకతోనే చోర్లు అన్న కాగితం మన సర్కారు అల్మారాలో ఉండింది.

నిరాశగా రాయాలని లేదు నాకు. 2022 నవంబరులో హైదరాబాద్ ఉస్మానియా దవాఖానాలో ఇద్దరు డాక్టర్లు మెడికల్ ఆఫీసర్లుగా చేరారు, ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్. ప్రాచీ ఆదిలాబాద్ రిమ్స్‌లో చదివింది. రూత్‌ది మన పక్క ఖమ్మం. ఇద్దరూ ట్రాన్స్ మహిళలు. తెలంగాణ సర్కారీ నౌకరీలో ఇలా చేరిన మొదటి డాక్టర్లు వీళ్లే. ఖమ్మం ఎంత దూరం మనకు? మరిపెడ దాటితే వచ్చేస్తుంది. ఎక్కడో అమెరికా ముచ్చట కాదిది. చదువు ఆగకపోతే డాక్టర్, చదువు ఆగిపోతే గోల్కొండ. ఆ మధ్యలో ఇల్లు చేసే ఫైసలా ఒక్కటే ఉంటుంది చాలాసార్లు.

పుస్తకం కావాలనుకునేవాళ్లకు తెలుగులో ఒకటి ఉంది. తమిళనాడు నమక్కల్ దగ్గరి పల్లెలో పుట్టిన రేవతి తన జిందగీని రాసుకుంది. పి. సత్యవతి గారు దాన్ని ‘ఒక హిజ్రా ఆత్మకథ’ అని తెలుగు చేశారు. ఆ తర్జుమాకు 2019 కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. అమెరికా ఆటలో లేనిది ఇందులో ఉంది. అన్నదమ్ములున్నారు, అమ్మ ఉంది, ఇంటికి తిరిగొస్తే పడే దెబ్బలున్నాయి, మళ్లీ అదే ఇంటి మీద చావని మొహబ్బత్ ఉంది. అన్నా ఆంథ్రపీ ఆటలో మనిషి ఒంటరిగా డాక్టర్ దగ్గరికి పోతుంది. మన దగ్గర ఎవరూ ఒంటరిగా ఎక్కడికీ పోరు. దెబ్బలు కూడా పదిమందీ కలిసే కొడతారు, కన్నీళ్లు కూడా పదిమందీ కలిసే కారుస్తారు. అందుకే మన కథ మార్చగలిగేది కూడా ఆ పదిమందే. డాక్టర్ పని ఆ తర్వాత.

ఆ ఆట గురించి ఇంకో ముచ్చట. అది ఆడి చాలామంది, ఇప్పుడు మీ బాధ మాకు పూరా అర్థమైంది అన్నారట. ఆమెకు చిర్రెత్తింది. 2015లో న్యూయార్క్‌లో ఒక చోట తన పాత బూట్లు తెచ్చి పెట్టింది. ఇవి వేసుకుని నడవండి, ఎంత నడిస్తే అన్ని పాయింట్లు అంది. ఇంగ్లీషువాళ్లకు ఎదుటివాళ్ల బూట్లలో నడవడం అనే సామెత ఉంది కదా, దాని మీద మజాక్. పది నిమిషాలు ఆడినంత మాత్రాన నా తక్లీఫ్ మీకు తెలిసిపోదు అని ఆమె మాట. నాకు ఇది చాలా నచ్చింది, ఎందుకంటే మన అమ్మీలు, అబ్బాలు కూడా ఇక్కడే ఆగిపోతారు. ‘నాకు అర్థం కాదు బేటా, అందుకే ఒప్పుకోలేను’ అంటారు. అర్థం కావాలని ఎవరన్నారు? షుగర్ ఎందుకొచ్చిందో అర్థం కాకపోయినా దాదీకి చక్కెర లేని చాయ్ పెడుతున్నాం కదా. కొడుకు దుబాయ్‌లో ఏ కంపెనీలో ఏం చేస్తాడో చాలామంది అమ్మలకు ఇప్పటికీ అర్థం కాదు, అయినా జుమ్మా రోజు వాడి కోసం దువా ఆగదు. మనసుకు ఎక్కకపోయినా కొట్టకుండా ఉండొచ్చు. స్కూల్ మాన్పించకుండా ఉండొచ్చు. జబర్దస్తీ షాదీ ఆపొచ్చు. ఇవి మూడూ చేయడానికి ఏ ఆటా ఆడక్కర్లేదు.

ఇక మదద్ ఎక్కడ అంటే, సర్కారు టెలిమానస్ నంబర్ 14416 ఉంది. పైసల్లేకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు, ముందుగా అమ్మో అన్నయ్యో ఫోన్ చేసినా సరే. వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది. మానుకోటలోనూ 2022లో మెడికల్ కాలేజీ వచ్చింది. హైదరాబాద్‌లో ట్రాన్స్ వాళ్ల కోసమే 2021లో మిత్ర్ అనే క్లినిక్ తెరిచారు. 2025లో అమెరికా పైసలు ఆగిపోయి మూతపడింది. మళ్లీ సబ్‌రంగ్ అనే పేరుతో తెరుచుకుంది. పేరు మన జబాన్‌లోనే పెట్టుకున్నారు. ఒకటే జాగ్రత్త. మెడికల్ షాపులో ఎవరో చెప్పారని హార్మోన్ గోలీలు కొని మింగొద్దు. రక్తం గడ్డకట్టడం, లివర్ పాడవడం లాంటి ఖత్రా ఉంటుంది. ఆ ఆటలో డాక్టర్ ముందు బీపీ తగ్గించుకో అన్నది ఊరికే కాదు. నాటు ఆపరేషన్ల సంగతి అసలే వద్దు, వాటిలో జాన్లు పోయాయి.

మిగిలిన ఒక్క మాట మస్జిద్ కమిటీలకు. హిదాయాలో ఖున్సా మౌత్ అయితే ఎటూ తేల్చలేని సూరత్‌లో ఘుస్ల్‌కు బదులు తయమ్ముమ్ చేయించమని ఉంది. ఎవరి చేయి తగలాలి, ఎవరిది తగలకూడదు అని ఆలోచించి, ఆ మయ్యత్ పరదాను కాపాడి రాసిన మాట అది. మరి రేపు మన ముహల్లా నుంచి వెళ్లిపోయిన ఏ బిడ్డో సికింద్రాబాద్‌లో చచ్చిపోయి, జనాజా కురవికి తిరిగొస్తే ఏం చేస్తాం? ఖబరస్తాన్‌లో జాగా ఇస్తామా? కాంధా ఎవరిస్తారు? ఈ జుమ్మా నమాజ్ తర్వాత మా పేష్ ఇమామ్ సాబ్‌ను, సదర్ సాబ్‌ను ఈ సవాల్ అడుగుదామనుకుంటున్నాను. మీ మస్జిద్‌లో మీరూ అడిగి చూడండి.